కవరు మీద చేతిరాత

రంగు డబ్బాల మధ్య కాపురముండే మా తమ్ముడికి,

అక్క దీవెనలు, వాటితోపాటు ఒక మొట్టికాయ కూడా. దీవెనలు ఎప్పుడూ ఉండేవే. మొట్టికాయ మాత్రం నువ్వు రాసిన ఆ ఒక్క ముక్కకి. "నువ్వేమన్నా ఎలుకవా అక్కా, నీ మీద మందులు పరీక్ష చెయ్యడానికి?" అని రాశావు. ఎలుకనైతే ఇంత తతంగం ఎందుకురా? ఎలుకను ఎవరూ కుర్చీలో కూర్చోబెట్టి కాగితాలు చదివి వినిపించరు. "ఇష్టమైతేనే సంతకం పెట్టండి, మధ్యలో వద్దనిపిస్తే మానెయ్యండి, మానేసినా మీ వైద్యం ఆగదు" అని ఎలుకకు ఎవరూ చెప్పరు. నాకు చెప్పారు. ఇంటికి తీసుకెళ్ళి ఆలోచించుకోమన్నారు కూడా. మీ బావ ఆ కాగితాలు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నీ ఇష్టం" అన్నారు. పెళ్ళైనప్పటినుంచి ఆయన నోట ఆ మాట విన్నది అదే మొదటిసారి. ఆ అవకాశం వదులుకుంటానా?

కోపం పక్కనబెట్టి మొదటినుంచి చదువు. పెద్దపేగులో గడ్డ కోసి తీసేశారు కదా, పీడ వదిలిందనుకున్నాం. వదల్లేదు. కాలేయం మీద మచ్చలు కనబడ్డాయి. పేగులో పుట్టినదే అక్కడికి పాకిందట. సర్జన్ మొహమాటం లేని మనిషి. "ఇప్పుడు కత్తి పెట్టలేనమ్మా. మచ్చలు పెద్దవిగా ఉన్నాయి, ఎక్కువగా ఉన్నాయి. మందులతో చిక్కి చిన్నవైతే అప్పుడు కోసి తీసేస్తాను. చిక్కకపోతే నా దగ్గర చెయ్యడానికేమీ లేదు" అన్నాడు. అంతేరా విషయం. నేను ఆ ఆపరేషన్ బల్ల దాకా చేరాలి. చేరితే బతుకు మీద ఆశ ఉంది. మిగతా మాటలన్నీ ఊరికే మర్యాదకు.

ఇక పరీక్ష సంగతి. ఈ జబ్బు ఇంత దూరం వచ్చినవాళ్ళకు మామూలుగా రెండు మందులు కలిపి ఇస్తారట. ఆ రెండింటికీ మూడోది కూడా మొదటినుంచే కలిపితే మచ్చలు ఇంకా బాగా చిక్కుతాయా, లేక మచ్చలకంటే ముందు మనిషే చిక్కిపోతాడా అన్నది వాళ్ళు తేల్చుకోవాలి. ఎవరికి రెండు, ఎవరికి మూడు అన్నది డాక్టరు చేతిలో లేదు, మన చేతిలోనూ లేదు. కంప్యూటరు చీటీ తీస్తుంది. "ఏది మంచిదో మీకే తెలియదా డాక్టరమ్మా?" అని అడిగేశాను. ఆవిడ నవ్వి, "తెలిస్తే చీటీ ఎందుకండీ, అదే ఇచ్చేసేదాన్ని" అన్నారు. ఆ మాటతో నాకు గురి కుదిరింది. అన్నీ తెలుసనేవాళ్ళను చాలామందిని చూశాను. తెలియదు, తెలుసుకుందాం అన్న మనిషిని ఇప్పుడే చూశాను.

చీటీ తీశారు. నాకు మూడు పడ్డాయి.

నీకు వినబడితే ఫోన్ చేసి అరిచి చెప్పేదాన్ని. చిన్నప్పటి ఆ జ్వరం నీ చెవులు పట్టుకుపోయింది, నా నోటికి పనిలేకుండా చేసింది. ఫోనులో అక్షరాలు కొట్టి పంపిస్తే "వీటికి మొహం లేదక్కా, నీ చేత్తో రాయి" అంటావు. నీకు అక్షరమంటే మనిషే కదా. మన ఐస్‌క్రీమ్ షాపు బోర్డు రాసినప్పుడు "ఈ 'ఐ' కొంచెం నీరసంగా ఉంది" అని మూడుసార్లు చెరిపి రాసినవాడివి. అందుకే ఈ కాగితం, ఈ పెన్ను.

పరుగెత్తుకుంటూ రావద్దు. వస్తే నువ్వు ఏడుస్తావు, నిన్ను చూసి మీ బావ ఏడుస్తారు, మీ ఇద్దరికీ కాఫీ పెట్టడానికి నేను లేవాలి. నువ్వు బోర్డులు రాసుకో. నేను ఆ బల్ల దాకా నడిచి వెళ్తాను, నడవలేకపోతే పాక్కుంటూ వెళ్తాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం నీ అక్క. ఈసారి మందులు కూడా మూడే.

నీ అక్క

*

కడుపులో మాట దాచుకోగల నా ఒకే ఒక్క తమ్ముడికి,

మధ్యలో రాసిన పొట్టి ఉత్తరాలలో నీకు పైపై కబుర్లే చెప్పాను. ఇది అలాంటిది కాదు. చదివేముందు ఒట్టు వెయ్యి. ఎవరికీ చెప్పనని, ఎవరికీ రాయనని, మీ బావకు సైగ కూడా చెయ్యనని. వేశావా? సరే, చదువు.

మందు ఎక్కించే గది పొడుగ్గా ఉంటుంది. కిటికీల వెంట వరసగా వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో సెలైన్ స్టాండు. రెండు వారాలకొకసారి వెళ్తాను. నాకు ఎప్పుడూ కిటికీ చివరి కుర్చీ కావాలి, నర్సుపిల్ల అది నాకోసం అట్టిపెడుతుంది. పొట్టిది, గట్టిది, నవ్వకుండా జోకులేస్తుంది. మందుల్లో రెండు అక్కడే ఎక్కిస్తారు. మిగిలినది చిన్న సీసాలో నింపి, నడుముకు సంచీ కట్టి పంపిస్తారు. అది రెండు రోజులపాటు ఇంట్లోనే చుక్క చుక్కగా ఎక్కుతుంది. దాన్ని ఎక్కడికి వెళ్ళినా మోసుకు తిరుగుతున్నానని మీ బావ దానికి "చంటిది" అని పేరు పెట్టారు. పొద్దున్నే "చంటిది పడుకుందా?" అని అడుగుతారు. ఆయనకు అంతకన్నా ఏమడగాలో తెలియదు పాపం.

వాంతులు, విరేచనాలు, జుట్టు ఊడటం అన్నీ వచ్చాయి, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పాను. వాటికి మందులిచ్చారు. నేను చెప్పనిది ఒక్కటే ఉంది.

ఆ మందుల్లో ఒకదానికి, అదే కొత్తగా కలిపినదానికి, చల్లదనమంటే పగ. అది ఎక్కించుకున్నవాళ్ళు చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్ళలో సూదులు దిగుతాయి. చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుంది. నవ్వొస్తోందా? ఇన్నేళ్ళు ఐస్‌క్రీమ్ చేసి బతికినదానికి చల్లదనం పనికిరాదట. నాకూ మొదట నవ్వే వచ్చింది. తరవాత షాపులో ఫ్రీజరు మూత పట్టుకున్నాను. కరెంటు తీగ పట్టుకున్నట్టయింది. వెనిలా రుచి చూద్దామని చెంచా నోట్లో పెట్టుకుంటే గాజుపెంకులు మింగినట్టయి ఊపిరి ఆగిపోయింది. గోడకు ఆనుకుని నిలబడ్డాను. మీ బావ వస్తే, డాక్టరు తీపి తినొద్దన్నారని అబద్ధమాడాను. అప్పటినుంచి రుచి చూడటం ఆయన పని. ఆయన నాలుకకు అన్నీ బాగుంటాయి. ఆ నాలుకతోనే కదా, నా వంట తిని నన్ను చేసుకుంటానన్నారు.

నర్సుపిల్ల ప్రతిసారీ అడుగుతుంది. "చల్లనివి ముట్టుకుంటే ఎలా ఉంటోందమ్మా? తిమ్మిరి ఉంటోందా? ఉంటే ఎన్నాళ్ళు ఉంటోంది? గుండీలు పెట్టుకోగలుగుతున్నారా?" మొదటిసారి అడిగినప్పుడే నేను తేల్చి చెప్పేశాను. "జన్మంతా ఐసులో చేతులు పెట్టి బతికినదాన్ని తల్లీ. చలికే నేనంటే భయం." గదంతా నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వి, అంతలోనే ఆలోచనలో పడ్డారు. "ఐసు పని చేసినవాళ్ళ నరాలకు ఈ బాధ తక్కువేమో. ఇది విడిగా చూడాల్సిన సంగతే" అని రాసుకున్నారు. బళ్ళో మొదటి బహుమతి వచ్చినట్టు పొంగిపోయాను నేను.

ఎందుకు దాచానంటావా? నా పక్క కుర్చీలో ఒక బస్సు డ్రైవరు కూర్చుంటాడు. మంచి మనిషి, నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు. ఆయనకూ మూడు మందుల చీటీయే, నాకంటే ముందే పడింది. ఆయన అమాయకంగా అరికాళ్ళు మొద్దుబారాయని ఉన్నమాట చెప్పేశాడు. ఆ విడతకు ఆ కొత్త మందు ఆపేశారు. ఆయన మొహం చూడలేకపోయానురా. చీటీలో మూడు పడి, చేతికి రెండే అందాయి. నా విషయంలో అలా జరగనివ్వకూడదని అప్పుడే గట్టిగా అనుకున్నాను. ఆయనకు కూడా చెవిలో ఊదాను. "అన్నయ్యగారూ, వాళ్ళు అడిగినవన్నీ చెప్పాలని ఎక్కడుంది? కాస్త నోరు కట్టుకోండి" అని. ఆయన తల ఊపాడు.

నేను చేసింది తప్పేమీ కాదు, చూడు. మధ్యలో తీసిన స్కాన్‌లో మచ్చలు చిక్కాయి. కళ్ళారా చూశాను, డాక్టరమ్మ గీత గీసి చూపించారు. ఇంకొంచెం చిక్కితే సర్జన్ కత్తి పట్టుకుంటాడు. ఇలాంటప్పుడు వేళ్ళు తిమ్మిరెక్కాయని మందు ఆపించుకుంటారా ఎవరైనా? వేళ్ళు కావాలా, ప్రాణం కావాలా?

కానీ నీ దగ్గర దాచను. ఇదివరకు తిమ్మిరి నాలుగు రోజులకు పోయేది. ఇప్పుడు పోవడం లేదు. జాకెట్టు హుక్కులు చూసుకుని పెట్టుకుంటే తప్ప పడటం లేదు. మొన్న స్కూపు చేతిలోంచి జారి పడితే, చప్పుడు విన్నాక గాని జారిందని తెలియలేదు. ఈ పెన్నుకు గుడ్డ చుట్టి పట్టుకున్నాను. నాకు భయంగా ఉందిరా. ఎవరితోనూ అనలేని మాట నీతో అంటున్నాను. భయంగా ఉంది, అయినా ఆగను. ఇంకొన్ని విడతలే.

ఒట్టు గుర్తుంది కదా?

నీ అక్క

*

మా ఇంటి పోలీసుకు,

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నన్ను ఈశ్వరుడు పట్టుకోలేదు, నువ్వు పట్టించావు.

పోయినసారి వెళ్ళేసరికి నర్సుపిల్ల నన్ను కిటికీ కుర్చీలో కూర్చోనివ్వలేదు. పక్క గదిలోకి తీసుకెళ్ళింది. బల్లమీద వరసగా కవర్లు పరిచి ఉన్నాయి. నేను నీకు రాసిన ఉత్తరాల కవర్లు. ఉత్తరాలు లేవు, ఒట్టి కవర్లు. నువ్వు వాటిని పెద్ద కవరులో పెట్టి "మూడు మందుల పరీక్ష చూసుకునే నర్సమ్మగారికి" అని నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపావట. లోపల ఒక్క ముక్క లేదట. పంపినవాడి చోట మాత్రం నీ పేరు, దాని పక్కన "ఐస్‌క్రీమ్ అక్క తమ్ముడు" అని ఉందట. "అంత అందమైన రాత చూసి పారెయ్యబుద్ధి కాలేదమ్మా. ఏముందా అని పోస్టాఫీసు ముద్రలు చూసి వరసలో పెట్టాను" అంది ఆ పిల్ల.

నేనూ చూశాను. ఎన్నడూ అలా పక్కపక్కన పెట్టి చూసుకోలేదు కదా. మొదటి కవరు మీద నీ పేరు గీత గీసినట్టు తిన్నగా ఉంది. రెండోదాంట్లో కొమ్ములు వణికాయి. ఆ తరవాతదాంట్లో వీధి పేరు కిందికి జారింది. చివరిదాని మీద ఇంటి నంబరు స్టాంపు మీదికి ఎక్కింది. అప్పుడే బళ్ళో వేసిన పిల్ల రాసినట్టుంది.

"ఈ చేతిరాత మీదేనా అమ్మా?" అని అడిగింది.

"నా వేళ్ళకేం, బాగానే ఉన్నాయి" అన్నాను.

ఆ పిల్ల వేళ్ళ మాటే ఎత్తలేదురా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఆమె తన తెల్లకోటు తీసి నా ఒళ్ళో పెట్టి, "ఈ ఒక్క గుండీ పెట్టి చూపించండి, చాలు" అంది. కోటు అంచు పట్టుకున్నాను. గుండీ ఎక్కడుందో కంటికి తెలుస్తోంది, వేలికి తెలియడం లేదు. ఎంతసేపు తంటాలు పడ్డానో. చివరికి నా చేతులు ఆమె తన చేతుల్లోకి తీసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ గదిలో నేను ఏడవడం అదే మొదలు.

డాక్టరమ్మ వచ్చారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎందుకు దాచారు?" అన్నారు.

"ఆ మందు గెలవాలని. నేను ఆపరేషన్ దాకా చేరాలని" అన్నాను.

"ఈ మందును గెలిపించాలని నేను పందెం కట్టలేదండీ" అన్నారావిడ. "ఇది ఎంత పనిచేస్తుందో ఎంత కష్టపెడుతుందో, రెండూ తెలుసుకోవాలి. మీరు మొదటిదే చెప్పి రెండోది దాచారు. రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు మీలాంటి ఆవిడకు, మీ లెక్క చూసి, ఏం ఫరవాలేదులే అని పూర్తి మోతాదు ఇస్తాడు. అసలు సంగతి వినండి. ఐసు పని చేసినవాళ్ళకు ఈ బాధ ఉండదేమోనని నేను మిగతా డాక్టర్ల ముందు చెప్పాను కూడా. ఇప్పుడు మళ్ళీ వెళ్ళి, అది నిజం కాదని చెప్పుకోవాలి." ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం చూడలేక కవర్ల వంక చూస్తూ కూర్చున్నాను.

కొత్తగా కలిపిన మందు ఆపేశారు. ఇక ఇవ్వరట. పాత రెండూ మాత్రం సాగుతాయి. "అయితే నన్ను పరీక్షలోంచి తీసేస్తారా?" అని అడిగాను. "లేదు. మీకు మూడు మందుల చీటీ పడింది. మధ్యలో మందు ఆపినా చివరిదాకా మీరు ఆ గుంపు లెక్కలోనే ఉంటారు. ఎంతమంది మూడూ తట్టుకోలేకపోయారు అన్నది కూడా మాకు కావలసిన జవాబే" అన్నారు. ఆవిడకు అది జవాబు. నాకు మాత్రం నడుస్తున్న దారిలో వంతెన తీసేసినట్టే ఉంది.

నీ తెలివికి నా జోహార్లు. చెప్పలేదు, రాయలేదు, సైగ చెయ్యలేదు. ఒట్టు ఒక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని అమ్మ నీ గురించే అనేది. కానీ నీ తెలివివల్ల నేను ఆ బల్ల దాకా చేరకపోతే? అప్పుడు ఎవరికి బోర్డు రాస్తావు? ఇకమీదట కవర్ల మీద చిరునామా మీ బావ రాస్తారు. నీకు సాక్ష్యం దొరకనివ్వను.

ఇక్కడితో ముగించి పోస్టులో వెయ్యాలనుకున్నాను. కోపంతో మడత పెట్టి సొరుగులో పడేశాను. మళ్ళీ మందు రోజు వచ్చి వెళ్ళింది. మిగతాది ఇవాళ రాస్తున్నాను, చదువు.

ఈసారి నన్ను మళ్ళీ కిటికీ కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన డ్రైవరన్నయ్య. నర్సుపిల్ల అటు వెళ్ళగానే నా వైపు వంగి, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా గుసగుసలాడాడు.

"చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టే నోరు కట్టుకున్నా. తిమ్మిరి పోయిందని చెప్పా. మళ్ళీ మూడూ ఎక్కిస్తున్నారు."

"పోయిందా మరి?"

"ఎక్కడ పోతుంది! మందు లేని వారం డ్యూటీకి కూడా పోతున్నా కదా. మొన్న సిగ్నల్ దగ్గర, బ్రేకు మీద కాలుందో లేదో తెలియలేదు. వంగి చూసుకుంటే ఉంది." నవ్వాడు.

"మీ బస్సులో ఎంతమంది ఎక్కుతారన్నయ్యగారూ?" అన్నాను. 

"కూర్చున్నవాళ్ళా, నిలబడ్డవాళ్ళతో కలిపా?" అన్నాడు ఆ మహానుభావుడు.

ఇక నేను కూర్చోలేకపోయాను. సెలైన్ స్టాండు చేత్తో పట్టుకుని, ఈడ్చుకుంటూ ఆ గది అంతటా వినబడేలా కేకేశాను. "తల్లీ, ఇలా రా! ఈయనకు కాళ్ళు తెలియడం లేదు. బస్సు నడుపుతున్నాడు. దాచమని నేర్పింది నేనే!" కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు. డ్రైవరన్నయ్య మొహం ఎర్రబడింది. "నీకు చెప్పుకున్నా చూడు, నాది బుద్ధి తక్కువ" అని మొహం అటు తిప్పేసుకున్నాడు. ఆరోజు మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఆయనకు ఆ మందు ఆపారు, బస్సు నడపకూడదని డిపోకు కాగితం కూడా రాశారు.

సరిగ్గా నువ్వు నాకు చేసినదే నేను ఆయనకు చేశాను. ఆయన నన్ను చూసిన చూపు, నేను నీమీద నూరిన పళ్ళు, రెండూ ఒకటే. నీమీద కోపం అక్కడ దిగిపోయింది. చాలా సిగ్గేసిందిరా. ఓర్చుకోవడమంటే నోరు మూసుకోవడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ బస్సులో నిలబడి ప్రయాణం చేసేవాళ్ళకు నా ఓర్పుతో ఏం పని?

వచ్చే వారం స్కాన్. కొత్త మందు లేకుండా మచ్చలు ఎలా ఉన్నాయో తెలుస్తుంది. భయం పోలేదు. కానీ ఇప్పుడు నర్సుపిల్ల అడిగినవాటికి అన్నింటికీ ఉన్నదున్నట్టు జవాబు చెబుతున్నాను. అడగనివాటికి కూడా చెబుతున్నాను. పాపం, ఆ పిల్లకు రాసుకోలేక చెయ్యి నొప్పి పుడుతోంది.

నీ అక్క

(చిరునామా మీ బావే రాశారు. నీమీద నమ్మకం ఇంకా పూర్తిగా కుదరలేదు.)

*

నా అక్షరాల డాక్టరుకు,

అక్క బతికే ఉంది. మీ బావ కార్డు మీద రాసిన ఆ ఒక్క ముక్క అందే ఉంటుంది. "ఆపరేషన్ అయింది, బాగానే ఉంది" అని. అంతకంటే ఎక్కువ రాయడానికి ఆయనకు చెయ్యి ఆడలేదట. వేళ్ళు బాగున్న మనిషికి కూడా ఒక్కోసారి చెయ్యి ఆడదు చూశావా?

జరిగిందంతా చెబుతాను. స్కాన్‌లో మచ్చలు మళ్ళీ పెరగలేదు, ఇంకాస్త చిక్కాయి. సర్జన్ ఆ ఫిల్ములు అటూ ఇటూ తిప్పి, "ఇక నా పని" అన్నాడు. ఆ బల్ల దాకా పాక్కుంటూ వెళ్తానన్నాను కదా. నడిచే వెళ్ళాను. తలుపు దగ్గర తోపుడు మంచం తెస్తే, వద్దని చెప్పి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. నర్సుపిల్ల తన డ్యూటీ కాకపోయినా అక్కడికొచ్చి నిలబడింది. మచ్చలున్న భాగమంతా తీసేశారు. మళ్ళీ రాదని ఎవరూ మాట ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మూడు నెలలకోసారి స్కాన్‌కు రమ్మన్నారు. వెళ్తాను.

మూడు మందులు మేలా, రెండు చాలా అన్నది ఇంకా తేలలేదు. కొత్తవాళ్ళు ఇంకా చేరుతూనే ఉన్నారు. నాకు ఏది పనిచేసిందో నాకే తెలియదు. అన్నీ పనిచేసి ఉంటాయి, నీ కవర్లతో సహా. డాక్టరమ్మ తోటి డాక్టర్ల ముందు నిలబడి ఐసు సంగతి తప్పని చెప్పేశారట. "ఎలా తెలిసింది అని అడిగారండీ. బోర్డులు రాసే ఆయన చెప్పారన్నాను" అన్నారు నాతో. నువ్వు చెప్పలేదని, ఒట్టుకు కట్టుబడ్డావని నేను సరిదిద్దాను.

మందు ఎక్కించే రోజుల్లో వారానికోసారి ఆ గదికి వెళ్ళి కూర్చుంటున్నాను. నాకు మందు లేదు, పని ఉంది. కొత్తగా చీటీ పడినవాళ్ళ పక్కన కూర్చుని ఒకటే చెబుతాను. "ధైర్యంగా ఉండండి, ధైర్యంగా చెప్పెయ్యండి. నేను దాచి ఏం సాధించానో చూడండి" అని వేళ్ళు చూపిస్తాను. వట్టి చేతులతో వెళ్ళను. చల్లనిది వాళ్ళు తినలేరు కాబట్టి ఐస్‌క్రీమ్‌ను పూర్తిగా కరిగించి, వెచ్చబడ్డాక ఫ్లాస్కులో పోసి తీసుకెళ్తున్నాను. మొన్న డ్రైవరన్నయ్య దాన్ని కప్పులో పోసుకుని తాగాడు. ఆయన మచ్చలు ఇంకా లొంగలేదు, రెండు మందులు సాగుతున్నాయి. డిపోలో కూర్చుని బస్సులకు టైములు వేస్తున్నాడు. నాతో మాట్లాడి చాలా కాలమైంది. కప్పు ఖాళీ చేసి, "కరిగిపోయినా బాగుంది చెల్లెమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళలో కరిగినదాన్ని మెచ్చుకున్న మొదటి గిరాకీ ఆయనే. ఇంటికొచ్చి మీ బావకు చెప్పి ఏడ్చాను.

నాకు చలి బాధ పోయింది. నిన్న వెనిలా చెంచాతో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చల్లగా ఉంది, అంతే. చల్లగా మాత్రమే ఉంది. అయితే మీ బావ ఇన్నాళ్ళూ "బాగుంది" అంటూ పంచదార ఎంత ఎక్కువ వేయించారో అప్పుడు తెలిసింది. వేళ్ళ కొసలు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి. కొంచెం కొంచెంగా వస్తుందన్నారు, పూర్తిగా రాకపోవచ్చని కూడా అన్నారు. రోజూ పొద్దున్న కూర్చుని నీ పేరు రాస్తున్నాను. పేజీలు పేజీలు నీ పేరే. షాపుకొచ్చినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని మీ బావ దాచేస్తున్నారు.

ఈ కవరు మీద చిరునామా నేనే రాశాను. మీ బావ రాస్తానంటే పెన్ను లాక్కున్నాను. నీ పేరు, వీధి, ఇంటి నంబరు, అన్నీ గుడ్డ చుట్టని పెన్నుతో. గీత ఇంకా కొంచెం కిందికే పోతోంది, నంబరు మాత్రం స్టాంపు మీదికి ఎక్కలేదు. ఇది నీ చేతికి వచ్చిందంటే, పోస్టుమాన్ చదవగలిగాడన్నమాట.

ఉత్తరం నువ్వు ఉంచుకో. కవరు మాత్రం నర్సుపిల్లకు పంపించు. ఆమె దగ్గరున్న ఆ వరసలో దీని చోటు ఖాళీగా ఉంది.

నీ అక్క